పత్రికా మంత్రి గారి నాన్న

మల్లట్,
జూన్ 14

నాన్నా,

ఇకమీదట కవరు మీద ఉత్త రమ్యశ్రీ అని రాస్తే ఒప్పుకోను. ‘పత్రికా మంత్రి రమ్యశ్రీ గారికి’ అని రాయాలి. అవును, గెలిచాను! మా స్కూలు పార్లమెంటు ఎన్నికలు నిన్న జరిగాయి. హెడ్మాస్టర్ అమరేశప్ప సార్ తన ఫోన్‌లో ఓటింగ్ మిషన్ యాప్ పెట్టి బల్ల మీద ఉంచారు. బొమ్మ నొక్కితే కుయ్యిమని మోగుతుంది. ఆరో తరగతి పిల్లలు ఆ మోత కోసం మళ్ళీ వచ్చి వరసలో నిలబడ్డారు. వేలి మీద మార్కర్ గుర్తు చూసి పట్టుకుని పంపించారు.

ప్రధానమంత్రి, ఆహార మంత్రి, నీళ్ళ మంత్రి అందరూ ఉన్నారు. నాకు మాత్రం పత్రికే కావాలనిపించింది. భోజనాల హాలు గోడ మీద ‘కిటికీ’ అని మా గోడపత్రిక ఉంటుందని చెప్పాను కదా, అది ఇక నా చేతిలో. ఏది పెట్టాలో, ఏది పెట్టకూడదో నా ఇష్టం. పెట్టిన ప్రతి కాగితాన్నీ శనివారం ప్రార్థనలో గట్టిగా చదవడం కూడా నా పనే.

నా మీద పోటీ చేసింది రాయచూరు టౌన్ హనుమేశ్. పదో తరగతి. గొప్ప మాటకారి. “నాకు ఓటేయుండ్రి, మస్తు జోకులు పెడ్త, నవ్వలేక సావాల” అన్నాడు. హాలంతా చప్పట్లు. ఆ గోలలో నేను రాసుకున్న ఉపన్యాసం మర్చిపోయాను. అప్పుడు లంగాజేబులో నువ్వు పోయినసారి రాసిన ఉత్తరం చేతికి తగిలింది. నువ్వు లారీ కింద పడుకుని వడగళ్ళవాన తప్పించుకున్న సంగతి తీసి, అందరికీ అర్థమవ్వాలని కన్నడంలోకి మార్చి చదివేశాను. ఒక్కరూ కదల్లేదు. హనుమేశ్ కూడా నోరు తెరుచుకుని విన్నాడు.

యుద్ధం మొదలైనప్పటి నుంచి సరిహద్దులో మీకే కాదు, ఇక్కడ కూడా హడావిడే. రాయచూరు పక్కన కరెంటు కేంద్రం ఉంది కాబట్టి మాకూ డ్రిల్లు పెట్టారు. సైరన్ లేదు కనక గంటే ఆపకుండా కొడతారు, మేం బల్లల కింద దూరాలి. కిటికీలకు నల్లకాగితాలు అంటించాం. చిన్నపిల్లలు టీవీ చూసి ఏడుస్తున్నారని సార్ వార్తలు ఆపేయించారు. అందుకే అందరూ నీ ఉత్తరాలు అడుగుతున్నారు. ‘కిటికీ’లో పెట్టనా? కొంచెం కొంచెమే పెడతాను. ఒప్పుకో నాన్నా, నీవల్లే గెలిచాను.

అమ్మ ఆదివారం వార్డెన్ ఫోన్‌కి చేసింది. కాలవకు ఇంకా నీళ్ళు వదల్లేదట. బాపయ్య తాతయ్య రోజూ గట్టు మీదికి వెళ్ళి కాలవని పేరు పెట్టి తిట్టి వస్తున్నాడట.

ఢిల్లీలో కాకపోయినా ఎక్కడో ఒకచోట మంత్రి అయిన నీ కూతురు,
రమ్య

———

(ఊరి పేరు రాయకూడదు)
జూన్ 25

మంత్రిగారూ, మా రమ్యమ్మా,

కవరు మీద నువ్వు చెప్పినట్టే రాశాను. ఉత్తరాలు తీసుకునే సాబ్ అది చూసి, “మంత్రి తాలూకా మనిషివని ముందే చెప్పొద్దూ, ఇన్నాళ్ళూ నీచేత బస్తాలు మోయించాం” అన్నాడు. రోజంతా నన్ను చూసి అందరూ సెల్యూట్ కొట్టడమే. నాకు మాత్రం నిజంగానే ఛాతీ ఉబ్బింది.

పెట్టుకో తల్లీ, నిక్షేపంగా పెట్టుకో. నేను రాసేవాటిలో దాచుకోవాల్సినవి ఏముంటాయి? లారీ నింపడం, కొండ మీదికి తోలడం, దింపడం. ఇదే నా యుద్ధం.

మొన్న మాత్రం ఒక గొడవ జరిగింది. మీ అమ్మ పంపిన చల్ల మిరపకాయలు ఉన్నాయి కదా, ఉత్త పప్పు తినలేక బంకర్‌లో స్టవ్ మీద నాలుగు వేయించాను. గాలి లోపలికి కొడుతోంది. క్షణంలో పొగ నిండిపోయింది. ఒక బిహారీ కుర్రాడు అవతలి వాళ్ళు విషవాయువు వదిలారని అరుస్తూ మాస్కు తగిలించుకున్నాడు. వాణ్ణి చూసి మిగిలిన వాళ్ళూ తగిలించుకున్నారు. మా పెద్ద సాబ్ దగ్గుకుంటూ వచ్చి ఎవరి పని అని గర్జించాడు. నేను పళ్ళెం చూపించాను. ఆయన ఒకటి కొరికాడు. కళ్ళు తుడుచుకున్నాడు. ఇంకోటి ఉందా అని అడిగాడు.

హాస్టల్లో నీకు తల దువ్వేది ఎవరు? ఒక జడా, రెండు జడలా? విసుగేసి కత్తిరించేసుకోకు. నేను వచ్చేదాకా ఆగు, జడ వేయడం నాకు ఇంకా గుర్తుంది, పాయలు వంకరగా వచ్చినా సరే. గణితంలో ఎన్ని వచ్చాయో రాయలేదేం? మంత్రులకు లెక్కలు అక్కర్లేదనుకున్నావా?

తాతయ్యని కాలవతో మరీ తగువు పెట్టుకోవద్దని చెప్పు.

నీ
నాన్న

———

మల్లట్,
జులై 6

నాన్నా, నాన్నా, నాన్నా,

నువ్వు ఇక్కడ ఉండాల్సింది! మిరపకాయల కథ చదువుతుంటే సగంలో నాకే నవ్వాగలేదు. ప్రార్థన గందరగోళం అయిపోయింది. మధ్యాహ్నం భోజనాల దగ్గర మళ్ళీ చదవమన్నారు. నీళ్ళ మంత్రికి ముక్కులోంచి సాంబారు వచ్చింది. హనుమేశ్ నా వెనకాలే తిరుగుతున్నాడు. “ఏంది రమ్యా, ఒక్కపారి సదివి మూసేస్తివి? ఆ సాబ్ ఇంకోటి అడిగిన కాడ మళ్ల సదువు” అంటాడు. స్కూల్లో ఇప్పుడు నీ పేరు ‘మిరపకాయ సైనికుడు’. డ్రిల్లు గంట కొట్టగానే చిన్నపిల్లలు ఏడవడం మానేసి, బల్ల కింద కూర్చుని “మిరపకాయ, మిరపకాయ” అంటున్నారు.

అమ్మకి కూడా తెలిసిపోయింది. వంట చేసే మహాదేవమ్మ గారిది మన ఊరు పోతనాళే కదా. ఆదివారం ఇంటికి వెళ్తూ గోడ మీదున్నవన్నీ అమ్మకి అప్పజెప్పి వస్తుంది. బంకర్‌లో వేయించడం ఏంటి, ఒళ్ళు కాలితే ఎవరు చూస్తారని అమ్మ నన్ను తిట్టింది. నిన్ను తిట్టడానికి నువ్వు దొరకవు కదా.

అమరేశప్ప సార్ కూడా బాగా నవ్వారు. తర్వాత పిలిచి, “చాలా బాగుందమ్మా, ఈసారి పిల్లలకు స్ఫూర్తినిచ్చే మాటలు కూడా రెండు రాయమను” అన్నారు. ఆగస్టు పదిహేనుకి తాలూకా నుంచి ఆఫీసరు వచ్చి అన్ని స్కూళ్ళ గోడపత్రికలూ చూస్తారట. మొదటి బహుమతి మనకే వస్తుందని సార్ నమ్మకం.

జడల సంగతి నేను గోడ మీద పెట్టలేదులే. అది నాది.

లెక్కల మార్కులు అడగొద్దు.

నీ మంత్రి,
రమ్య

———

జులై 17

ప్రియమైన విద్యార్థినీ విద్యార్థులారా,

మాతృభూమి సేవలో నిమగ్నమైన ఒక సైనికుని హృదయపూర్వక నమస్కారములు. రేపటి భారతం మీ చేతుల్లో ఉన్నది. క్రమశిక్షణ, పట్టుదల, దేశభక్తి అనే మూడు గుణములను మీరు అలవరచుకొనవలెను. మేము సరిహద్దును కాపాడుచున్నట్లే మీరు మీ విద్యాలయ గౌరవమును కాపాడవలెను. కష్టములు మమ్ము బెదిరించలేవు. మీ చదువే మాకు బలము.

జై హింద్.

ఇట్లు
మీ సైనిక సోదరుడు,
హవల్దార్ చంద్రమోహన్

———

మల్లట్,
జులై 27

శ్రీయుత హవల్దార్ చంద్రమోహన్ గారి దివ్యసముఖమునకు,

తమరి లేఖ అందినది. మా పార్లమెంటు తరఫున ధన్యవాదములు. గోడకు అంటించి శనివారం చదివితిమి. ఎవరి ముక్కులోంచీ సాంబారు రాలేదు. అమరేశప్ప సార్ మాత్రం చాలా సంతోషించి, దాని చుట్టూ మూడు రంగుల అంచు గీయించినారు. ఆఫీసరు గారు వచ్చు లోపల ఇలాంటిది మరొకటి పంపగలరు.

తమరి సమయం విలువైనదని తెలియును. ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా ఇంతమంది సోదరీసోదరులు ఉండగా ఒక్కొక్కరి గురించీ విచారించుట సాధ్యం కాదనియు తెలియును. అయినను తొమ్మిదో తరగతి విద్యార్థిని ఒకతె తనకు ఒక జడ బాగుండునా, రెండు జడలు బాగుండునా అని అడుగుచున్నది. వీలుంటేనే జవాబు ఇవ్వగలరు.

ఇట్లు
పత్రికా మంత్రి

———

ఆగస్టు 4

గౌరవనీయ మంత్రిగారికి, విద్యార్థులకు,

మీ లేఖ చదివి ఆనందించితిని. ఆ విద్యార్థినికి జడల కన్నా చదువు ముఖ్యమని నా మాటగా చెప్పగలరు. ఆఫీసరు గారి రాక సందర్భముగా అందరికీ శుభాకాంక్షలు. నేను క్షేమము.

జై హింద్.

చంద్రమోహన్

———

మల్లట్,
ఆగస్టు 11

నాన్నా,

ఆ విద్యార్థిని నేనే! నీకు తెలీదా? నిజంగా తెలీదా?

నీ ఉత్తరం పట్టుకుని నీళ్ళ ట్యాంకు వెనక్కి వెళ్ళి ఏడ్చాను. కోపంతో రాసిన ఉత్తరానికి ‘ఆనందించితిని’ అని జవాబు రాస్తే ఎవరికైనా ఏడుపు రాదా? నువ్వు అలా రాసేవాడివి కాదు. నాకు జ్వరమొస్తే నా చెప్పులతో మాట్లాడి నవ్వించిన మనిషివి నువ్వు. ఇప్పుడు నాకు సోదరుడివైపోయావు.

ఆ ఉత్తరాన్ని గోడ మీద పెట్టలేదు. శనివారం పార్లమెంటులో ప్రశ్నల సమయం ఉంటుంది. ప్రతిపక్షం నుంచి హనుమేశ్ లేచాడు. “మంత్రిగారు, సైనికుడి ఉత్తరం వచ్చిన సంగతి అందరికీ ఎర్కే. గోడ మీద ఎందుకు లేదు? దాన్ని ఇంట్ల పెట్టెల దాసుకున్నట్ల దాసుకుంటే ఎట్ల?” అని అడిగాడు. “ఆ ఉత్తరం రాసింది మా నాన్న కాదు” అనేశాను. అందరూ భయపడిపోయారు. నీకేదో అయిందనుకుని ఒక పిల్ల ఏడ్చింది కూడా. ఏం కాలేదని చెప్పేసరికి నా తాతలు దిగివచ్చారు.

తర్వాత సార్ పిలిచారు. కోప్పడలేదు. ఆఫీసరు గారు వచ్చే వేళకి గోడ మీద సైనికుడి ఉత్తరం ఉండాలి కదమ్మా, దాని కోసమే కదా నిన్ను అందరూ ఎన్నుకున్నది అన్నారు. అది నిజమే. నీ ఉత్తరం చదివే గెలిచాను. గెలవడం కోసం నిన్ను తీసుకెళ్ళి అందరికీ ఇచ్చేశాను. ఇచ్చాక నాకేం మిగల్లేదు. అందుకే సార్ బల్ల మీదే కాగితం తీసుకుని రాజీనామా రాసిచ్చాను. ఇప్పుడు హనుమేశ్ మంత్రి.

ఇంకో సంగతి. అమ్మ ఆదివారం ఫోన్ చేసి, “మీ నాన్న మొన్న ఫోన్ చేశాడే. ఎక్కడో ఆఫీసు నుంచంట. నాట్లకి కూలీలు దొరకట్లేదంటే మంచిదే మంచిదే అంటాడు. మీ తాతయ్యకి నడుం పట్టేసిందన్నా మంచిదే అన్నాడు. ఏంటో, లైను బాలేదు” అంది. నాకు లైను మీద నమ్మకం లేదు. నీకేదో అయింది.

ఇకమీదట నీ ఉత్తరం గోడ ఎక్కదు, ప్రార్థనలో వినపడదు, మహాదేవమ్మ గారి చెవిన పడదు. చదివేది నేనొక్కదాన్నే. మంచిదైనా చెడ్డదైనా రాయి. ఏమీ రాయాలని లేకపోతే ఏం తిన్నావో రాయి. అది చాలు.

మంత్రి కాని,
రమ్య

———

ఆగస్టు 20

రమ్యమ్మా, నా బంగారు తల్లీ,

నీ ఉత్తరం చదివి సిగ్గుపడ్డాను. ఆ విద్యార్థినివి నువ్వని నాకు తట్టనేలేదు. పైగా మంత్రి హోదాలో నువ్వు రాసిన ఉత్తరాన్ని ఇక్కడ అందరికీ చదివి వినిపించి, చూడండి మా అమ్మాయి ఎంత పెద్ద భాష రాసిందో అని మురిసిపోయాను. నీ కోపాన్ని ఊరంతా పంచిపెట్టానన్న మాట.

ముందు సంగతి ముందు చెప్తాను. స్కూల్లో నన్ను మిరపకాయ సైనికుడంటున్నారని రాశావు. నావల్ల నీకు తలవంపులు వచ్చాయనుకున్నాను. మిగతా పిల్లల నాన్నలు తుపాకీ పట్టిన ఫోటోలు పంపుతుంటారు, మీ నాన్నేమో మిరపకాయలు వేయిస్తాడు. దానికి తోడు సార్ స్ఫూర్తి అడిగారు. అది నా దగ్గర ఎక్కడుంది? మా యూనిట్లో గుంటూరు వైపు క్లర్కు ఒకడున్నాడు. వాణ్ణి బతిమాలి రాయించుకున్నాను. సైనిక సోదరుడనేది వాడి మాటే. నీకు సోదరుణ్ణి అవుతానేమిటని కూడా ఆలోచించలేదు, చూడు నా తెలివి.

ఇక రెండో సంగతి. జులై నెలాఖరులో మా లారీ పక్కనే ఫిరంగి గుండు పడింది. నేను దిగి టైరు చూస్తున్నాను. ఒంటి మీద గీతలే, అవి మానిపోయాయి. ఎడమ చెవికి వినికిడి మాత్రం పోయింది. డాక్టరుగారు చాలా పరీక్షలు చేశారు. ఇక రాదని చెప్పారు. పోయినసారి ఉత్తరం ఆ క్లర్కు ధోరణిలోనే ఆసుపత్రి మంచం మీద నుంచి నేను రాశాను. క్షేమమని రాస్తుంటే చెయ్యి ఆగింది, అయినా రాసేశాను.

నీకు రాద్దామని రోజూ అనుకున్నాను. రాస్తే గోడ మీదికి వెళ్తుంది, గోడ మీద నుంచి మహాదేవమ్మ గారికి, ఆదివారానికల్లా మీ అమ్మకి. నాట్ల రోజుల్లో బురదలో నిలబడి ఆ మాట ఇంకొకరి నోట వినాల్సి వస్తుంది. అందుకే నోరు మూసుకున్నాను.

గుండు పడినప్పుడు నాకు భయం వేయలేదు. అంత టైమెక్కడిది? మీ అమ్మకి ఫోన్ చేసినప్పుడు వేసింది. చుట్టూ జనం, చెవిలో ఒకటే హోరు, మీ అమ్మ ఏదో చెప్తోంది, సగం అందడం లేదు. అన్నిటికీ మంచిదే అనేశాను. ఆ రోజు కూర్చుని నీ గురించే ఆలోచించాను. నువ్వు తలుపు దగ్గర చెప్పులు విప్పుతూనే కబుర్లు మొదలుపెట్టే పిల్లవి. ఇంటికొచ్చాక నువ్వు చెప్పిందానికల్లా నేను ఏమన్నావు, ఏమన్నావు అని అడుగుతుంటే ఎన్నాళ్ళు ఓపిక పడతావు? కొన్నాళ్ళకి విసుగొచ్చి నాకు చెప్పడం మానేస్తావేమో. చెవి పోయినందుకు కాదు గానీ అందుకు ఏడ్చాను తల్లీ.

లారీ ఇక తోలనివ్వరట. స్టోర్లో కూర్చోబెడతారు. సెప్టెంబరులో సెలవు ఇస్తామన్నారు.

ఇవాళ గుమ్మడికాయ కూర తిన్నాను. బాలేదు. ఒక జడా, రెండు జడలా? నాన్నే అడుగుతున్నాడు, హవల్దారు కాదు.

నీ
నాన్న

———

మల్లట్,
ఆగస్టు 29

నాన్నా,

ఉత్తరం పొద్దున వచ్చింది. మళ్ళీ ట్యాంకు వెనక్కి వెళ్ళాను. ఈసారి ఏడుపు వేరే రకం. సోదరుడు పోయి నాన్న వచ్చినందుకు కొంత, చెవి పోయినందుకు కొంత.

అక్కడికి హనుమేశ్ వచ్చాడు. నా మొహం చూసి పారిపోతాడనుకున్నాను. పోలేదు. గోడకి ఆనుకుని నిలబడి, “నాకు జాబులు రాసేటోళ్ళు ఎవ్వరు లేరు రమ్యా. మీ నాయన రాసింది నువ్వు సదువుతుంటే నాకే రాసిండనిపిస్తుండె. గందుకే గంత కొట్లాడిన. తప్పయితే మాఫ్ చెయ్” అన్నాడు. మా నాన్నకి నువ్వే ఒక ఉత్తరం రాసుకో, జవాబు ఇస్తాడు అని చెప్పాను. రాస్తాడు, ఇవ్వు. కానీ ముందు నాకు రాశాకే వాడికి. వాడి ఉత్తరం గోడ ఎక్కించుకుంటాడో, దిండు కింద పెట్టుకుంటాడో వాడి ఇష్టం.

బహుమతి మనకి రాలేదు. నీ ఉత్తరం ఉండాల్సిన చోట హనుమేశ్ జోకులు నింపాడు. ఆఫీసరు గారు అన్నీ శ్రద్ధగా చదివి, ఒక్కదానికీ నవ్వకుండా వెళ్ళిపోయారు. అమరేశప్ప సార్ రెండు రోజులు ‘కిటికీ’ వైపే చూడలేదు. మూడో రోజు ప్రార్థనలో కాల్పులు ఆగాయని చెప్పారు. అందరం కలిసి కిటికీలకున్న నల్లకాగితాలు చింపేశాం. జిగురు ఇంకా గోళ్ళలోనే ఉంది.

అమ్మకి నువ్వే చెప్పు. ఈ ఉత్తరం అందిన రోజే ఫోన్ చేసి చెప్పు. నేను గోడ మీద పెట్టకపోయినా మహాదేవమ్మ గారు నా మొహం చూసి కూపీ లాగేస్తుంది. వడ్డించేటప్పుడు ఇప్పటికే రెండుసార్లు తేరిపార చూసింది. అమ్మ ఏడుస్తుంది, తిడుతుంది, తర్వాత బస్సెక్కి వస్తానంటుంది. అన్నిటికీ మంచిదే అనకు.

రెండు జడలు నాన్నా. ఎడమది ఎప్పుడూ వంకరే.

నాకు విసుగొస్తుందని ఎలా అనుకున్నావు? ఒక సంగతిని అమ్మకి, తాతయ్యకి, స్నేహితురాళ్ళకి విడివిడిగా చెప్పినా నాకు తనివి తీరదు. నీకు రెండుసార్లు చెప్పాల్సి వస్తే నాకు పండగే. అయినా గట్టిగా అరిచి చెప్పేవన్నీ ప్రార్థనలో అందరికీ చెప్పి చెప్పి అలిసిపోయాను. మెల్లగా చెప్పాల్సినవి చాలా మిగిలిపోయాయి. బస్సులో వచ్చినా, బండి మీద వెళ్ళినా, అన్నం తినడానికి కూర్చున్నా, నీ కుడిపక్క ఎవరినీ కూర్చోనివ్వకు. అమ్మనైనా సరే. ఆ చోటు నాది.

నీ
రమ్య